ఎర్ర సిరాతో కొట్టేసిన పలకరింపు

సభాధ్యక్షులు జనరల్ మేనేజర్ జైపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, ఫస్ట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చి వెనక వరుసల్లో కూర్చున్న అన్నలకు, ఇవాళ రిటైరవుతున్న ఆగయ్యన్నను రేపటి నుంచి ఇంట్లో పొద్దంతా భరించబోయే ఆయన ఇల్లాలు లింగవ్వక్కకు నమస్కారం. (నవ్వులు)

మా గని ఆఫీసులో ముప్పై నాలుగేళ్లుగా కార్మికుల దరఖాస్తులన్నీ హెడ్ క్లర్కు ఆగయ్యన్న చేతి మీదుగానే ఇంగ్లీషులోకి వెళ్లాయి. ప్రతిదీ 'ఐ మోస్ట్ హంబ్లీ బెగ్' అని మొదలై 'యువర్ ఒబీడియెంట్ సర్వెంట్' అని ముగిసేది. యూనివర్సిటీలో ఇంగ్లీషు చదివి సంక్షేమాధికారిగా వచ్చిన నేను, తెల్లదొరలే వదిలేసిన మాటలు మనకెందుకని, మన కార్మికుడు ఎవరికి సేవకుడని, వాటిని ఎర్ర సిరాతో కొట్టేస్తూ వచ్చాను.

ఆయనకో అలవాటుంది. సంతకానికి ముందు, రాయించుకున్నవాళ్లకు ఉత్తరాన్ని తెలుగులో చదివి వినిపిస్తారు. భర్త పోయిన సారవ్వ, బిడ్డ పరీక్షలయ్యేదాకా కంపెనీ క్వార్టర్‌లో ఉండనివ్వమని రాయించుకుంది. నేను కత్తిరించగా మిగిలిన మూడు వాక్యాలు విని, "గింతేనా అన్నా? దండం ఎక్కడ పెట్టినవ్?" అంది.

"అడుక్కోవడం ఎందుకక్కా?" అన్నాను.

"అడుక్కునుడు కాదు మేడం. ఒకలింటికి పోతే మంచిగున్నరా అనకుంటనే పని చెప్తమా?"

ఆగయ్యన్న నెమ్మదిగా, "బెగ్ వద్దు మేడం, మీరన్నది నిజమే. గీ ఒక్క ముక్క ఉండనియ్యుండ్రి" అని పైన రాశారు: 'ఐ హోప్ దిస్ లెటర్ ఫైండ్స్ యూ ఇన్ గుడ్ హెల్త్'. మీరు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తానని. అదీ నేను ఎప్పుడూ కొట్టేసేదే, ఆ రోజు మాత్రం వదిలేశాను. జైపాల్ గారు అనుమతి ఇస్తూ ఫోన్ చేసి, "మీరొచ్చాక ఇన్నేళ్లలో నా ఆరోగ్యం అడిగిన దరఖాస్తు ఇదొక్కటేనమ్మా" అని, పావుగంట తన బీపీ సంగతి చెప్పారు. (నవ్వులు) సార్, క్షమించాలి.

మొన్న నా టేబుల్ మీద ఆగయ్యన్న ఆఖరి ఉత్తరం కనబడింది. రిలీవ్ చేయమని రెండే వాక్యాలు. బెగ్ లేదు, సర్వెంట్ లేడు, నా ఆరోగ్యం ఊసూ లేదు. అచ్చం నేను నేర్పినట్టే. సంతోషించాల్సిన దాన్ని, కాగితం తిప్పి వెనకవైపు కూడా వెతికాను. సేవకుణ్ని తీసేస్తున్నాననుకుంటూ ఆయన పలకరింపును కూడా తీసేశానా అని ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

అన్నా, ఆ ఉత్తరం ఇదిగో. సంతకం చేశాను. దాని పక్కన అదే ఎర్ర సిరాతో మీ ఆరోగ్యం అడిగాను, ఆ పాత వాక్యంలోనే. అది ఈ కాలానికి సరైనదో కాదో నాకు తెలియదు. మూడో వరుసలో సారవ్వ నవ్వుతోంది కాబట్టి ధైర్యం చేసి చెబుతున్నాను. జవాబు రాయండి, ఎంత పొడుగైనా సరే. ఈసారి కొట్టేయను.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.