ఇసుర్రాయి లేకుండా ఇచ్చిన జొన్నలు

"అవ్వా, ఇంటికి ఎవరొచ్చినా పేరు గూడా అడగకముందే 'నువ్వేం తింటావు?' అంటావు గదా. ఎందుకట్ల?"

ఏందీ, అదా నువ్వు అడిగేది? నేను ఇంగా మీ తాత గురించి అడుగుతావేమో అనుకుంటి. ఆ ఫోను నా మూతికాడ పెట్టాకు పాపా, ఆ టీ డబ్బా మీద పెట్టు. నా గొంతు దానికి ఇనపడుతుందిలే. నా గొంతు మిల్లు సైరన్ కంటే పెద్దదని మీ తాత అంటాండె. ఆ గొంతుతోనే ఒకసారి నోరుజారితి. ఆ కతే ఇది. గమ్మున కుచ్చొని ఇను.

నాది ఆళ్లగడ్డ గదా. పెండ్లయినాంక గూడా ఆడనే కూలికి పోతాంటిమి. మల్ల మీ తాతకు నంద్యాల అవతల నూలు మిల్లులో వాచ్‌మన్ పని దొరికె. అప్పుడు ఈడికొస్తిమి. డెబ్బై ఎనిమిది... కాదు కాదు, మీ అమ్మ అప్పటికి నడుస్తాండె, తొమ్మిదే. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సు రెండు రూపాయలో ఏమో. ఇప్పుడు రెండు రూపాయలకు చాక్లెట్టు గూడా రాదు.

మా సంఘంలో ఆడోళ్లకు ఒక పద్ధతి ఉండె. పొయ్యి మీద ఎసురు పెట్టినాంక, సట్టిలో పోసే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో ఏసేది. పూటకొక పిడికెడు. ఆదివారం ఆ డబ్బా గుడికి మోసుకపోయి ఇచ్చేది. ఏసుప్రభువు గుడికే లే. పిడికిలి బియ్యం అంటాంటిమి. పేరుకు బియ్యమే గానీ మాకు బియ్యం యాడివి పాపా? కాలవ కింద వరి నాటేది మేమే, కోసేది మేమే, తినేది ఇంగొకరు. మా ఇండ్లల్లో జొన్నలు, కొర్రలు. బియ్యం బువ్వ పండక్కి, లేకుంటే జరమొస్తే. జరమొస్తే బాగుండు అనుకుంటాంటిమి సిన్నప్పుడు. నవ్వుతావేందే, నిజమే.

ఆ ఎండాకాలంలోనే వాళ్లు దిగినారు, లారీల్లో. రేకు పెట్టెలు, సాపలు, సంకన పిల్లోళ్లు. సిలోన్‌లో టీ తోటల్లో ఆకు కోసేవాళ్లంట. వాళ్ల తాతముత్తాతలు ఎప్పుడో దొరల కాలంలో ఓడెక్కి పోయినారంట. ఇప్పుడు ఆ దేశమోళ్లు 'మీరు మావాళ్లు కాదు, పోండి' అనిరంట. పోనీ అని ఈడికొస్తే ఈడ వాళ్లకు ఊరు లేదు, బలగం లేదు, భాష రాదు. అంతా అరవమే. గవర్నమెంటు మిల్లులో పని, ఇంటికొక రూము ఇచ్చె. ఆఫీసోళ్లు కాందిశీకులు అంటాండ్రి. నాకు ఆ మాట నోరు తిరగదు, సిలోనోళ్లు అంటాంటి.

లెచ్చుమి అని ఒకామె ఉండె వాళ్లలో. నా ఈడుదే. మొగుడు ఆడనే సచ్చిపోయినాడంట, ఒక ఆడపిల్ల, సెల్వి, ఐదేండ్లుంటాయి. మే నెలలో నంద్యాల ఎండ ఎట్లుంటాది? ఆ ఎండలో ఆ పిల్లకు ఉన్ని స్వెట్టరు ఏసి లారీ దించింది. నేను కిసుక్కున నవ్వితి. వాళ్లు సలి కొండల్లోంచి వచ్చినోళ్లు. పెట్టెలో ఉండే మంచి గుడ్డ అదే, కొత్త ఊర్లో దిగేటప్పుడు బిడ్డ మర్యాదగా ఉండాలని ఏసింది ఆ తల్లి. నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గయితాది నాకు.

మిల్లులో మూడు నెలలు పని నేర్పుతారు. ఆ మూడు నెలల్లో చెప్పకుండా వారం మానేస్తే పేరు కొట్టేస్తారు. పేరు పోతే రూము గూడా పోతాది. మొగోడుండే ఇంట్లో ఒకరు కాకుంటే ఒకరు. ఈమెకు ఎవరు? అంతా ఆ పని మీదనే ఉండె.

నేను గుడిలో ఆడోళ్ల కూటంలో లేసి చెప్తి, పిడికిలి బియ్యం ఈ తూరి సిలోనోళ్లకు ఇద్దామని. సంతోషమ్మని ఒక ముసలామె, అందరికీ పెద్ద, "మనమే అరకడుపున ఉంటే, ఎవరో ఏమో, మన సంఘమోళ్లు గూడా కాదు" అనె. నేను ఊరుకుంటానా? వాదులాడి ఒప్పిస్తి. ఆళ్లగడ్డలో మా అక్కకు గూడా చెప్పి పంపిస్తి, ఆ ఊరి ఆడోళ్లు గూడా పోగేసిరి. గోతం జొన్నలు! బస్సు మీద ఏసుకొని వస్తి. కండక్టరు లగేజీ టికెట్టు అంటే, దేవునివి అని చెప్తి. నగి ఊరుకునె పాపం.

ఆరిండ్లకు పంచితిమి. లెచ్చుమికి నా చేత్తోనే కొలిచి పోస్తి. తెల్లగా, ముత్యాల మాదిరి ఉండె జొన్నలు. ఆమె రెండు చేతులెత్తి దండం పెట్టె. నాకు ఆపొద్దు నడుస్తాంటే కాళ్లు భూమ్మీద ఆన్లేదనుకో. ఎంత పని చేసినానో అని.

వారం పోయినాంక మీ తాతకు సద్ది ఇచ్చి వస్తా, ఆ రూముల యెనక దావన వస్తి. చూద్దును గదా, లెచ్చుమి రూము యెనక కసువుదిబ్బ మీద జొన్నలు! కుప్పగా. కోళ్లు తింటాండాయి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కె. వాకిట్లో నిలబడి మొదలుపెడితి. "మా పిల్లోళ్ల సట్టిలోంచి తీసి పెడితే కోళ్లకు ఏస్తావా? ఏం బలుపు నీకు? బియ్యం తప్ప మింగరా మీరు?" అని. ఆ లైను లైనంతా బయటికొచ్చె. ఆమె బయటికొచ్చి గడప పట్టుకొని నిలబడె. మాట అర్థం కాకున్నా తిట్టని తెలుస్తాది గదా. లోపల పిల్ల ఏడుస్తాండె. అది గూడా ఇనపడె నాకు. ఇనపడినా ఆగలే, చూడు, అదీ నా బుద్ధి.

ఆదివారం గుడిలో చెప్తి, ఇంగ వాళ్లకు ఏం ఇయ్యద్దని. సంతోషమ్మ 'నేను ముందే అనలే?' అన్నట్టు చూసె. అంతే, ఆగిపాయె.

మల్ల రెండు దినాలకు మీ తాత అన్నం తింటా తింటా అనె, "ఆ సిలోన్ ఆయమ్మ ఐదు దినాలాయె పనికి రాక. ఎల్లుండికి పేరు కొట్టేస్తారంట, మేస్త్రీ అంటాండె." నాకెందుకు, కోళ్లకు జొన్నలేసేటంత ఉంటే కుచ్చొని తినమను అంటి. మీ తాత చెయ్యి కడుక్కొని, "ఆ పాపకు కడుపు నొప్పంట, రాహేలూ" అనె. ఆయప్ప ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు. ఆ ఒక్క మాట అని డ్యూటీకి పాయె.

కుచ్చోలేకపోతి. సణుక్కుంటానే పోతి. లోపల సాప మీద సెల్వి ముడుచుకొని పడుకోనుంది. కండ్లు గుంటలు పోయినాయి. లెచ్చుమి పొయ్యి ఊదుతాంది. సట్టిలో ఏముందోనని గంటె పెట్టి చూస్తి.

జొన్నలు. దంచలే, ఇసరలే. ఇంట్లో ఇంగేం లేక, మిగిలిన గింజలు గింజలే నీళ్లలో ఏసి, బియ్యం ఉడికించినట్టు ఉడికిస్తాంది. ఒక గింజ నోట్లో ఏసుకుంటి. పల్లు కిందికి రాయి మాదిరి తగిలె. ఎంత సేపు ఉడికిస్తే మాత్రం ఉడుకుతాదా అది? మొదట్లో ఉడికిందనుకొని ఆమె తినింది, బిడ్డకు పెట్టింది. బిడ్డ అరగక బాధపడితే, ఇంగ మింగలేక పారేసింది. నేను చూసిన కుప్ప అదే. కండ్లు పెట్టి చూసింటే ఉడికినవని తెలుస్తాండె. చూస్తేగా!

ఆడనే కూలబడితి. గోతం జొన్నలు బస్సు మీద తెస్తి గానీ ఇసుర్రాయి ఇస్తిమా? రోలు ఇస్తిమా? రొట్టె ఎట్ల కొట్టాలో ఒక్కరన్నా చూపిస్తిమా? మాకు పుట్టినప్పటి నుంచి జొన్నలే. లోకంలో జొన్నరొట్టె తెలీనోళ్లు ఉంటారని మాకెవరికీ తట్టనే లేదు. నేను లెచ్చుమి చెయ్యి పట్టుకొని ఏడిస్తి పాపా. అది నా కన్నీళ్లు తుడుస్తాంది, ఏం జరిగిందో దానికి తెలీదు. ఆ జొన్నలు పారేసినందుకు నన్ను సమించు అని అదే నాకు సైగ చేస్తాంది. నేను పొయ్యి మీద సట్టి దించి బయట కుమ్మరిస్తి.

సెల్విని సంకన ఏసుకొని మా ఇంటికి వస్తి. బియ్యం అప్పడిగి తెచ్చి, గంజి కాచి, ఉప్పేసి, రోంత రోంత తాపితి. డాక్టరు దగ్గరికి గూడా మీ తాత ఎత్తుకపాయె. రెండు దినాలకు పిల్ల లేసి కుచ్చొని మీ అమ్మ బొమ్మ లాక్కునె. అప్పుడు నాకు పానం వచ్చె.

పిల్ల బాగయితే సరిపోయిందా? ఆమె పని? పేరు కొట్టేసే దినం ఆపొద్దే. లెచ్చుమిని యెంటబెట్టుకొని మిల్లు ఆఫీసుకు పోదామని బయల్దేరితి. దావలో సంతోషమ్మ ఇంటికాడ ఆగి, జరిగింది జరిగినట్టు చెప్తి. ముసలామె అంతా ఇని, చెప్పులేసుకొని వచ్చె. ఆమెను చూసి ఇంగ నలుగురు.

మేనేజరు సారు ముందర అంత మంది మొగోళ్లలో నిలబడితే నా గొంతు యాడికి పోయిందో! ఎట్లనో చెప్తి. "సార్, ఈయమ్మ పనిదొంగ కాదు. తప్పు నాది. తినేది తెలుసుకోకుండా నేను పెట్టిన జొన్నలతో దాని బిడ్డకు ప్రాణం మీదికి వచ్చె. పేరు కొట్టేయాలంటే మా ఇంటాయన పేరు కొట్టేయండి." మీ తాత గేటుకాడ నిలబడి ఇంటాండాడు! ఆయప్ప మొగం చూడాల్సింది నువ్వు.

సారు, "సరే, ఈ తూరికి ఉంచుతా. రేపు మల్ల బిడ్డకు బాగలేకుంటే? షిఫ్టుకు వస్తే ఆ పిల్లను ఎవరు చూస్తారు?" అనె. అది నిజమే గదా. అప్పుడు యెనక నుంచి సంతోషమ్మ అనె, "మేం చూస్తాం. ఈమె బిడ్డనే కాదు, ఆ లైనులో బిడ్డలందరినీ చూస్తాం. గుడి వసారా ఖాళీగానే ఉంది." ఎవరో ఏమో అనిన సంతోషమ్మే! నేను తిరిగి చూస్తే, "ఏందే చూస్తావు, నాకు ఇంట్లో ఏం పని?" అని కసిరె.

అట్ల మొదలాయె. సైరన్ కొడితే తల్లులు పిల్లోళ్లను వసారాలో దించి పోయేది, దినానికి ఇద్దరం వంతు. చీరలతో ఉయ్యాలలు కట్టి, అ ఆలు చెప్పి, గంజి తాపి. వాళ్లకు రేషను కార్డులని, బడిలో చేర్పించేదని, దస్తకతు పెట్టేది నేర్పేదని, అన్నీ ఆ వసారాలోనే. పాస్టరు అయ్యగారు కాగితాలు రాసి ఇచ్చేది.

నేను మా అత్త ఇసుర్రాయి లెచ్చుమికి ఇచ్చేస్తి. పైరాయి దాని నెత్తిన, కిందిరాయి నా నెత్తిన. మిల్లు దావన పోతాంటే జనం నిలబడి చూసిరి. రొట్టె నేర్పేకి నెల పట్టె. అది కొట్టిన మొదటి రొట్టె నాలుగు ముక్కలాయె, ముక్కలన్నీ సెల్వి తినేసె. అది నాకు టీ పెట్టేది నేర్పె. మేం చేసేది టీనే కాదంట! బెల్లం కషాయమంట!

మల్ల నాలుగైదేండ్లకు, సిలోన్‌లో గొడవలు పెద్దవాయె గదా, ఇంగ కొంతమంది ఈడికి వచ్చిరి. మేం ఆడోళ్లందరం గింజలు మోసుకొని ఉరుకుతిమి. నేను ముందర. లెచ్చుమి షిఫ్టు దిగి వచ్చి నా చెయ్యి పట్టుకొని ఆపె. "ఉండక్కా, బేగిరపడాకు. ముందు అడుగుదాం" అనె. మన తెలుగే, మన యాసే. మల్ల వాళ్ల పక్కన కింద కుచ్చొని, వాళ్ల మాటల్లో అడిగె. ఏం తింటారు, పొయ్యి ఉందా, సట్టి ఉందా, పిల్లోళ్లు ఏం తింటారు అని. వాళ్లలో ఒక ముసలాయన అంత దూరం నుంచి వచ్చినాంక ఇంత మాట అడిగినోళ్లు లేరని బోరున ఏడిసె. అడిగినాంక లెచ్చుమి కొంగు కింద నుంచి ఒక టీ డబ్బా తీసె. నిండా బియ్యం.

అది మా సంఘం కాదు పాపా. నొసట ఇబూది పెట్టుకొనేది. పూటకు పిడికెడు తియ్యమని దానికి ఎవరూ చెప్పలే. ఎన్నాళ్ల నుంచి తీస్తాందో మాకు తెలీనే తెలీదు.

ఇప్పుడు సెల్వి ఆళ్లగడ్డలో నర్సమ్మ. తల్లి ఆమెకాడనే ఉంది. నేను పుట్టిన ఊర్లో అది, అది లారీ దిగిన ఊర్లో నేను. పోతా పోతా ఇసుర్రాయి బస్సులో ఏసుకొని పాయె, మిక్సీ ఉంది గదే అంటే ఇనలే. దాని డబ్బా నాకు ఇచ్చి పాయె.

ఆ, అదే. నీ ఫోను కింద ఉండేది.

నువ్వు గూడా రేపు ఉద్యోగమని యా ఊరికి పోతావో ఏమో. దేవుడు నిన్ను సల్లగా చూడాల. నువ్వేం తింటావని అడిగేటోళ్లు ఆడ నీకు దొరకాల తల్లీ. వాళ్లు దొరికేలోపల నువ్వు ఇంగొకర్ని అడుగుతాండాల... సాలు, లే. ఎసురు మసులుతాంది. ఫోను తీయ్ డబ్బా మీద నుంచి, పిడికెడు ఏయాల.