కొండ రాయి, డెమో క్లాసు

సాయంత్రం ఆరు. వాన అప్పుడే తెరిపిచ్చింది. కిరండూల్‌లో ఇనప గని వాళ్లిచ్చిన మా క్వార్టర్ వరండా ఇంకా తడిగానే ఉంది.

మా ఆయన చక్రధరరావు, మా అమ్మాయి అమ్ము గంట క్రితమే విశాఖపట్నం నుంచి ఇల్లు చేరారు. అక్కడొక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగానికి ముందు పిల్లలకో క్లాసు చెప్పి చూపించమంటే ఈయన అమ్మును తీసుకుని వెళ్లారు. తిరిగొచ్చే రైలు ఘాట్‌లో ఆగిపోయింది. పట్టాల మీద బండరాయి పడిందట. ఏడు గంటలు ఫోను కలవలేదు. ఇంటికి రాగానే గుమ్మం దగ్గర ఇద్దరి చెప్పులూ లెక్కపెట్టుకున్నాను.

రాయపూర్‌లో ఇప్పటికే రెండు స్కూళ్లు అమ్మును వద్దన్నాయి. విశాఖలో ఏమైందో నేను ఇంకా అడగలేదు.

ఈయన మాత్రం కుర్చీ లాక్కుని మొదలుపెట్టేశారు. ఎదురుగా గనిలో ఈయనతో పనిచేసే సోమారు, పక్కింటి సుమిత్ర.

"డెమో క్లాసంటే ఏటనుకున్నావు సోమారూ, నలభై మంది పిల్లలు, వెనక బెంచీలో ప్రిన్సిపాల్ మేడం, ఆవిడ పక్కనే నేను. అమ్ము సంచిలోంచి మన కొండ రాయి తీసిందో లేదో, బల్ల మీదున్న అయస్కాంతం ఎగిరొచ్చి ఠప్పున అంటుకుంది. నలుగురు పట్టి లాగినా ఊడలేదు."

"నలుగురేనా?" అన్నాడు సోమారు.

"పీటీ మాస్టారితో కలిపి ఐదుగురు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేడం కూర్చున్నది ఇనప కుర్చీ. ఆవిడతో సహా జరుక్కుంటూ బోర్డు దాకా వచ్చీసింది. దిగకుండానే ఉద్యోగం ఆర్డరు మీద సంతకం పెట్టీసింది."

"చక్రాల కుర్చీ అయ్యుంటుంది అన్నయ్యగారూ," అంది సుమిత్ర.

"చక్రాలుంటే నేను చెప్పుకుంటానా అమ్మా? అది వదిలెయ్. కిటికీలోంచి చూస్తే హార్బర్లో ఓడ. ముప్పై ఏళ్లు మన ఖనిజం మోసిన ఓడ. మన రాయి జాడ పట్టిందేమో, ఇటువేపు ఒరిగిపోయింది. కెప్టెన్ పరుగెత్తుకొచ్చి, బాబూ, ఆ రాయి సంచిలో పెట్టండి, ఓడ మునిగిపోతాదని దండం పెట్టాడు."

రాయి మాట వినగానే నాకు ఆరో తరగతి అమ్ము గుర్తొచ్చింది. ఇదే వరండాలో, పాత రేడియోలోంచి తీసిన అయస్కాంతాన్ని ఆ రాయికి ఆనించి చూసేది. అంటుకునేది కాదు. ఏడిచేది. ఇనప కొండ రాయి అంటుకోకపోవడమేంటి, అయస్కాంతమే చిన్నదనేవారు ఈయన. జగదల్‌పూర్ వెళ్లినప్పుడల్లా అంతకంటే పెద్దది కొనుక్కొచ్చేవారు. ఇంట్లో ఇప్పటికీ ఐదున్నాయి.

"ఇంక రైలు సంగతి విను. సొరంగం ముందు బండ, ఏనుగంత. నేను దిగి మన రాయి చూపించాను. అంతే, కుక్కపిల్లలా నా వెనకే నడిచొచ్చి లోయలోకి దూకీసింది. రైలు ఒక్క నిమిషం లేటవలేదు."

"మరి ఏడు గంటలు నేను స్టేషన్లో ఎందుకు కూర్చున్నానండీ?" అన్నాను.

ఈయన టీ గ్లాసు కింద పెట్టేశారు.

అమ్ము వచ్చి నా పక్కన కూర్చుంది. "నాన్నని స్కూలు గేటు లోపలికి రానివ్వలేదమ్మా. క్లాసు అయ్యేదాకా వానలో గొడుగేసుకుని బయటే నిలబడ్డాడు. రాయి అంటుకోలేదు."

"అయస్కాంతం చిన్నది," అన్నారు ఈయన మెల్లగా.

"ఎంత పెద్దదైనా అంటుకోదు నాన్నా. తెలిసే పట్టుకెళ్లాను. అంటుకుంటుందని క్లాసంతా చేతులెత్తారు. అంటుకోకపోయేసరికి ఇది ఇనుమే కాదని ఒకటే గొడవ. ఇనుమే, కానీ ఆక్సిజన్‌తో కలిసిపోయి ఉంది, విడదీస్తే అప్పుడు అంటుకుంటుందని చెబుతుంటే బెల్లు కొట్టారు. ఒక్కళ్లూ లేవలేదు." నా చెయ్యి పట్టుకుంది. "సోమవారం వచ్చి చేరమన్నారమ్మా."

సోమారు ఈయన భుజం తట్టాడు. "మరి ఓడ సంగతి ఏంది, రావ్ సాబ్?"

"ఓడ మాత్రం ఒరిగింది," అన్నారు.

"రాయేది?" అని అడిగాను.

"పిల్లలు ఉంచుకుంటామన్నారు," అంది అమ్ము.

గుమ్మం దగ్గర తడి చెప్పులు రెండు జతలు. ఈయనవి, అమ్మువి. మళ్లీ లెక్కపెట్టాను. ఇద్దరు వెళ్లారు. ఇద్దరూ వచ్చారు.