చీమ ముక్కుపుల్ల

“అమ్మమ్మా, సోమవారం మా స్కూల్ల మీటింగుంది. చిన్న పిల్లల క్లాసులల్ల కంప్యూటర్లు పెట్టాల్నా ఒద్దా అని కొత్త టీచర్లను సుత అడుగుతరట. నువ్వైతె ఏమంటవ్?”

నన్నా అడుగుతున్నవ్? ముప్పై ఏండ్లు పలకలు తుడిచినదాన్ని పట్టుకోని కంప్యూటర్ల గురించా! సరె, కూసో. ఫోన్ల రికార్డు చేస్తున్నవా? చెయ్యి చెయ్యి. జర ఆ ఫ్యాను తగ్గియ్యి, లేకపోతె నా మాటకంటె దాని మాటే ఎక్కువ ఇనబడ్తది.

ముందుగాల ఒకటి చెప్త. కంప్యూటర్ని తిడ్తె నాకు కండ్లు పోతయి. ఈ ఇల్లు ఎట్ల నిలబడ్డదనుకున్నవ్? మీ తాత పైన రెండు రూములేసి కంప్యూటర్ కోచింగుకొచ్చె పిల్లగాండ్లకు కిరాయికిచ్చిండు. మన అమీర్‌పేటల గోడలు యాడ కనబడ్తయే, అన్ని బోర్డులే గద. మీ అమ్మ చదువు, పెండ్లి, అంత ఆ కిరాయిలతోనే ఎల్లింది. “ఏంటి ఆంటీ గారూ, నీళ్లు రావట్లేదు” అనుకుంట దిగుతుండె కోస్తా పిల్లగాండ్లు. మీ తాతేమొ “ఒస్తయ్ భాయ్, ఫికర్ చెయ్యకు” అంటుండె. నీళ్లు మాత్రం రాకపొయ్యేటియి. వాళ్ల కడుపు సల్లగుండ, మాకు అన్నం పెట్టిర్రు. గందుకే నాకు కంప్యూటర్ మీద పగ లేదు. చిన్న పిల్లల క్లాసుల దానికేం పని అన్నదే నా అనుమానం. ఆ అనుమానం ఊకె రాలె, ఇను.

నేను పంజాగుట్ట దిక్కు బడిల మూడో తరగతికి చెప్తుంటి. అప్పటికింక మెట్రో లేదు... లేదు లేదు, ఉండె, పిల్లర్లు లేస్తుండె, రోడ్డంత గుంతలు. ఆ ఏడు వానలు పడంగనె ఎవరో పుణ్యాత్ములు బడికి కంప్యూటర్లిచ్చిర్రు. మంచి తాళమున్న రూమొక్కటే, దాంట్ల పెట్టినం. మా పెద్దసారు, దేవుని లాంటి మనిషి, పెన్సిలు డబ్బా కొన్నా బొట్టు పెట్టందె ముట్టడు. కంప్యూటర్లకు ఇడుస్తడా? ఒక్కోదానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. మీ తాత కొత్త స్కూటర్‌కు చేసినట్టె చేసిండు. మేమందరం చేతులు కట్టుకోని నిలబడ్డం. ఆఖరుకు కొబ్బరికాయ. బయట కొట్టొచ్చుగద? లోపల్నే, టేబుల్ కాడనే కొట్టిండు. కొట్టి, ఆ నీళ్లు శుభమని అన్నిటి మీద ఇట్ల ఇట్ల చల్లిండు. పిల్లలు చప్పట్లు. ఆ ఒక్క పూట నడిచినయ్, తెల్లారి ఒత్తితె ఒక్కటి సుత బతకలె!

నవ్వకు, మేం సుత చాటుకు పోయి నవ్వినం. పాపం సారు మొకం ఇంతైంది. బాగు చేసెటోడు “రేపొస్త, ఎల్లుండొస్త” అన్నడు. ఇగ రోజూ పొద్దుగాల కంప్యూటర్ పీరియడ్ ఉన్నది, కంప్యూటర్ లేదు. పిల్లల్ని ఏం చెయ్యాలె?

ఆఁ, దాని ముచ్చట చెప్పకపోతినే. రజిత. బోరబండ నుంచి ఒస్తుండె. వాళ్లమ్మ బాలమ్మ మన గల్లీలున్న లేడీస్ హాస్టల్ల గిన్నెలు తోముతుండె. ఆ పొల్ల ఇంట్ల మాట్లాడ్తదట, బడిల మాత్రం నోరిప్పది. “అ” అనుమంటె నేలకు చూసేది. కంప్యూటర్లు బాగున్న ఆ ఒక్క పూట సుత, మౌస్ కోసం పిల్లలందరు కొట్లాడుకుంటుంటె ఇది గోడకు ఆనుకోని నిలబడ్డది. బాలమ్మ నా కాడికొచ్చి “టీచరమ్మా, దీనికి ఒక్క అక్షరం రాలె. బతుకమ్మ పండుగ దాక చూస్త, ఇగ నా ఎంబడి తీస్కపోత. గిన్నెలన్న తోముతది” అన్నది. ఎంత పిల్లనే అది! ఆ పొట్టి చేతులతోని హాస్టల్ గంజులు తోముడా? కాని ఆమెననుడెట్ల, ఆమె బతుకు గట్లుండె.

సరె, పీరియడ్ ఖాళీగుండె గద. బడి ఎనక గోడకూ మురికినీళ్ల మోరీకి నడుమ జర జాగ ఉండె. “పోండ్రి, ఎవరికి చిన్న పువ్వు దొర్కుతదో చూద్దాం” అన్న. ఏదో ఆ పూట గడవాలని అన్న మాట, గంతే. గడ్డిచామంతులు తెచ్చిర్రు, తెల్లగ నువ్వుగింజంత పూలేవో తెచ్చిర్రు. నాకు ఒక్కదాని పేరు తెల్వది. టీచర్నని పేరే గాని, రోజూ తొక్కుకుంట నడిచిన, ఒంగి చూసిన పాపాన పోలె.

గప్పుడు నా కొంగు ఎవరో గుంజిర్రు. రజిత. గోడ పగులు చూపించి “టీచర్, గిది సుత పువ్వే” అన్నది. దాని గొంతు ఇనుడు నాకదే మొదలు బిడ్డా. నాకేం కనబడలె. అద్దాలు తీసి తుడుసుకోని, మోకాళ్ల మీద కూసున్న. నీలం పువ్వు. కందిగింజంత ఉండె. వాన వెలిసినంక ఆకాశం ఉంటది సూడు, గా రంగు, ఒట్టు.

పేరేందని పిల్లలడిగిర్రు. నాకు తెల్వదన్న, మీరే పెట్టండ్రి అన్న. తలా ఒకటి అన్నరు. రజితేమొ “చీమ ముక్కుపుల్ల” అన్నది. ఇగ అందరు ఒప్పుకున్నరు. పెట్టిన పేరు రాయాలె గద? అట్టముక్క మీద రాయబోయింది, రాదాయె. “చ ఎట్ల టీచర్?” అని అదే వచ్చి అడిగింది. నేను చెయ్యి పట్టి రాపిచ్చిన. తెల్లారి ఇంకో పువ్వు, ఇంకో పేరు. ఆ నీలం పువ్వు పొద్దుగాల ఇచ్చుకోని, ఎండెక్కంగనె ముడుసుకుంటది. అది కనిపెట్టిన సంది రజిత గేటు తియ్యకముందే ఒచ్చి కూసునేది. అంతకుముందు వారానికి సగం రోజులు నాగాలే.

బతుకమ్మ సెలవులకు ఇంక రెండు రోజులున్నయనంగ బడిల పండుగ చేసినం. నా క్లాసు పిల్లలు బాటిల్ మూతలల్ల బతుకమ్మలు పేర్చిర్రు, ఏలెడంతవి! గడ్డిచామంతులు వరుసలు, మీద నీలం పువ్వు. పసుపు గౌరమ్మ శనగగింజంత. బాలమ్మకు హాస్టల్ల పని ఒడిసి ఒచ్చెవరకు మిట్టమధ్యాన్నమైంది. ఇగ పూలన్ని ముడుసుకున్నయ్. ఆమె మూత చేతిల పట్టుకోని “గిదేంది టీచరమ్మా, ఏం లేదు గద దీంట్ల” అన్నది. “ఇగ పంపనని చెప్పనీకె ఒచ్చిన” అన్నది.

నేను నోరు తెరిచెలోపట్నే రజిత అట్టముక్క తీసి, అందరి ముంగట, ఏలు పెట్టుకుంట గట్టిగ చదివింది. “చీ-మ ము-క్కు-పు-ల్ల.” చదివి వాళ్లమ్మ మొకం చూసి “నీ ముక్కుపుల్ల లెక్కనే ఉంటదమ్మా. అందుకే గా పేరు పెట్టిన. పొద్దుగాల ఒస్తె కనబడ్తది, రేపు రా” అన్నది. బాలమ్మ ముక్కుపుల్ల మీద చెయ్యేసుకున్నది. ఆమె కండ్లల్ల నీళ్లు, నా కండ్లల్ల నీళ్లు. తెల్లారి హాస్టల్‌కు పోకముందు బిడ్డ ఎంబడి ఒచ్చి, గోడకాడ కూసోని చూసింది. మళ్ల నాతోని గిన్నెల మాట ఎన్నడు ఎత్తలె.

ఆ కొబ్బరి నీళ్లకు ఇప్పటికి దండం పెడ్త నేను. ఆ పెద్దసారుకు సుత.

రజిత ఇప్పుడేం చేస్తున్నదో తెల్సా? మన గల్లి చివరున్న సెంటర్ల కంప్యూటర్ పాఠం చెప్తది! నవ్వు నవ్వు, నేను సుత నవ్విన. నా కండ్ల ఆపరేషనైనంక పొద్దుపొద్దుగాల్నే ఒచ్చి, బాటిల్ మూతల ఆ పువ్వు మొక్కనే ఏర్లతోని తెచ్చి “ఇప్పుడు కనబడ్తుందా టీచర్” అన్నది. మెట్రో పిల్లర్ కింద దొరికిందట. అగో, కిటికిల డబ్బాల పెట్టిన, చూడు. పూసింది.

ఏంది, ఫోన్ తీస్తున్నవ్? ఫోటో తీస్తె అసలు పేరు చెప్తదా? మంచిదే, తెలివిగల్లదే. జర ఆగు బిడ్డా, నాకు చెప్పకు. దానికి రజిత పెట్టిన పేరున్నది.

సోమవారం మీ మీటింగుల గిదే చెప్పు. కంప్యూటర్లు పెట్టండ్రి, కాని ముందుగాల పిల్లల్ని ఒంగి చూడనియ్యిండ్రి, పేరు వాళ్లను పెట్టనియ్యిండ్రి, అని. నీ క్లాసుల సుత నోరిప్పని పొల్ల ఒకతి ఉంటది. నీ కొంగు గుంజుతది. సల్లగ బతుకు బిడ్డా... గుంజినప్పుడు ఆగు.