తెగిన చైన్

సర్వీసు సెంటర్లో గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని టీచరమ్మ కదలకుండా కూర్చుంది. మేనేజరు ఒక కాగితం ముందుకు తోశాడు.

"ఆయిల్ టైముకు మార్చి ఉండరు మేడమ్. అందుకే మీ కారు ఇంజన్ లోపలి టైమింగ్ చైన్ తెగి ఇంజన్ పోయింది."

"ప్రతిసారీ ఇక్కడే మార్పించాను. రసీదుల మీద సంతకం మీదే."

"సరే, సగం ఖర్చు మేం భరిస్తాం. ఇక్కడ సంతకం పెట్టి, ఆ తెగిన చైన్ ఇచ్చేయండి."

"తుక్కు ముక్క, మీకెందుకండీ?"

"రూలండీ. మీకు మాత్రం ఎందుకు?"

"మొన్న మీ మెకానిక్ చెత్తబుట్టలో పడేయబోతుంటే అడిగి తీసుకున్నాను. ఇవాళ దానికింత గిరాకీ ఎందుకొచ్చిందో తేలాలి."

"ఒక్క బండి రిపేరుకు ఇంత రాద్ధాంతమా?"

ఆమె చైన్ ఉన్న సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"బయట బెంచీల మీద ఇదే కారు కొని నాతో వచ్చినవాళ్ళు పదకొండు మంది ఉన్నారు. నేనెక్కడికీ పోను. ఒక్కొక్కరి సంచిలో ఏముందో చూసి రండి."