సెలవివ్వని దొర

కోట వెనకాల పాడుబడ్డ బావి ఉంది చూశారూ, గొంతు ఎండిపోతున్నా ఎవరూ చేద వెయ్యని బావి, దాని సంగతే ఇది. కాస్త దగ్గరికి జరగండి, నేను అరవలేను.

ఈ లోయంతా ఏలిన సమురాయి దొర, నిషిగోరి దొర అని ఉండేవాడు. కుర్రతనమంతా గుర్రం మీద, యుద్ధాల్లోనే గడిచిపోయింది, ఆ తర్వాత ముసలితనంలో కత్తి పక్కన పెట్టేసి చామంతులు పెంచుకునేవాడు. మా తాత గెంపాచి ఆయనకి నమ్మిన బంటు.

ఆ రోజుల్లో దొర పోతే బంటు కూడా పొట్ట కోసుకుని వెంట వెళ్లేవాడు. అదీ ఊరికే కుదరదర్రా, దొర బతికుండగానే అడిగి సెలవు తీసుకోవాలి. మా తాతకి పౌరుషం ఎక్కువ కదా, దొర జ్వరంతో మంచాన పడగానే అందరి ముందూ వెళ్లి సెలవిమ్మన్నాడు. దొర తల ఊపాడు. ఇంకేముంది, అందరూ శభాష్ అన్నారు, మా నాయనమ్మ మాత్రం కడుపులో బిడ్డతో వంటింట్లో కూలబడి ఏడ్చింది. ఏడవదూ మరి?

దొర పోయాడు. మర్నాడు పొద్దువాలే వేళ మా తాత తెల్లబట్టలు కట్టి, చివరి స్నానానికని ఆ బావి దగ్గరికి వెళ్లాడు, తోటి బంట్లంతా సాగనంపడానికి వెంట వెళ్లారు, తీరా చేద లాగితే ఎంతకీ రాదట, బలమంతా పెట్టి లాగితే దొర! తాడు పట్టుకుని పైకొచ్చి గట్టుమీద కూర్చున్నాడు. అందరికీ పై ప్రాణాలు పైనే పోయాయి.

దొర మా తాతని తిట్టిన తిట్లు నేను చెప్పకూడదు. జ్వరంలో కునుకుపట్టి తల వాలిపోతే సెలవిచ్చాననుకున్నావా వెధవా అని, నీ పెళ్లాం ఏడుపుకి నాకు చచ్చినా నిద్రలేదని, ఈ బావిలో పూడిక తియ్యి, నేను చాలు అనేదాకా తీస్తూనే ఉండు, ఇది నా ఆజ్ఞ అని చెప్పి, వచ్చిన దారినే దిగిపోయాడట. దొర అప్పజెప్పిన పని ఉండగా బంటు చావకూడదు కదా? పైగా అందరూ విన్నారాయె. మా తాత అక్కడే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. చావాలని తనకీ లేదని అప్పుడు తెలిసింది పాపం. ఆ కడుపులో బిడ్డే మా నాన్న.

మా తాత పళ్లూడేదాకా పూడిక తీసి, ముని మనవల్ని కూడా ఎత్తుకుని, ఒకరోజు నిద్రలో హాయిగా పోయాడు. దొర చాలు అననేలేదు.

అందుకే చెబుతున్నా, అటు వెళ్లకండి. ఆయన పీక పిసకడు, రక్తం తాగడు. పార చేతికిస్తాడు.