గిన్నెలో ఉంచిన ముద్ద

కొండకింద సత్రంలో పొద్దుటి భోజనం. వడ్డిస్తున్నది సత్రం ముసలమ్మ. తింటున్నవాడు చాన్నాళ్లకి సొంతూరు చూసిపోదామని వచ్చినవాడు.

"మా అన్న షిగెమిత్సు నన్నడక్కుండా పొలం అమ్మేశాడు పెద్దమ్మా. వాడు బాగుపడడు."

"తర్వాత తిడుదువుగానీ, ముందు తిను. మిసో చారు చల్లారిపోతోంది."

"ఈ అన్నం... ఇది మా వాగు నీళ్ల రుచి!"

"మీ మడి బియ్యమే నాయనా. కొన్నది మేమే. ఒక్క ఏడూ బీడు పెట్టలేదు."

అతను తల వంచుకుని గబగబా తినసాగాడు.

"ఆగాగు! మారు వడ్డించుకోవాలంటే అడుగున ఒక ముద్ద ఉంచాలి. మీ అమ్మ నేర్పలేదూ? ఊడ్చేస్తే మాతో చుట్టరికం తెగిపోదూ?"

అతను ముద్ద ఉంచి, రెండు చేతులా గిన్నె చాచాడు.

"పెట్టు పెద్దమ్మా. బీడు పెట్టలేదు, అదే పదివేలు."