పాట ఎత్తినవాడు

టీ ఎందుకమ్మా ఇప్పుడు? అడక్కుండా టీ ఇచ్చారంటే వెనకాల ఏదో చేదు మాట ఉందన్నమాటే. మా డాక్టరూ ఇంతే. ముందు బిస్కెట్టు చేతిలో పెట్టి, ఆ తర్వాత ఈ ఎడమ చెవికి మిషన్ తగిలించాడు.

ఆ తలుపెందుకు వేశారు? చలా? గ్లాస్గోలో పుట్టి పెరిగినవాడికి చలి గురించి చెబుతున్నారూ! సరే, ఆ బల్ల మీద నల్లగా ఉన్నదేమిటి? నా మాటలు పట్టుకునేది కాదుగదా? కళ్ళజోడు పెట్టె అంటారా? ఏమో తల్లీ, ఈ రోజుల్లో కళ్ళజోడు పెట్టెలకు కూడా చెవులుంటున్నాయి.

మీ పేరు మళ్ళీ చెప్పండి. బాల్‌ఫర్. ఊఁ. ఇంటిపేరు మా వైపుదే. అయినా ఇంటిపేరుదేముంది, తల్లి ఎవరి పిల్లో తెలియాలి. ఏ బడిలో చదివారు?

అబ్బే, ఊరికే అడిగానమ్మా. ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళ దగ్గరా, మంగలి షాపులోనూ, చావింట్లోనూ అడిగేదే. బడి పేరుకి ముందు సెయింట్ ఉంటే కాథలిక్కులు, పచ్చ చొక్కా. లేకపోతే మేము, ప్రొటెస్టంట్లం, నీలం చొక్కా. నవ్వుతున్నారు కానీ చెప్పడం లేదు. చెప్పకపోతేనే తెలిసిపోయిందిలెండి.

నీలం ఫుట్‌బాల్ జట్టు క్లబ్బులో, అభిమానుల మంచి చెడ్డలు చూసే కుర్చీలో, మిమ్మల్ని ఎవరు కూర్చోబెట్టారో! అడగనులెండి. ముసలాడికి నోరెక్కువ అంటారు.

అయితే నామీద వచ్చిన మాట ఇదీ. పోయిన శనివారం పచ్చ జట్టుతో ఆట. ఆ నిషేధించిన పాట, కాథలిక్కుల పోపునీ పుట్టుకనీ తిట్టే పాట, హెక్టర్ గిల్‌క్రిస్ట్ పాడాడు. నేను! ఆదివారం చర్చిలో అందరికంటే ముందు నిలబడేవాణ్ణి!

మా చర్చి సంగతి మీకు తెలుసా? తెలియదన్నమాట. చూశారా, నేననుకున్నది నిజమే, మీరు ఆ వైపే. మా దగ్గర ఆర్గను ఉండదు, పియానో ఉండదు. దావీదు కీర్తనలే పాడతాం, ఉత్త గొంతులతో. ఒక మనిషి లేచి, లోపల శ్రుతి చూసుకుని, మొదటి ముక్క ఎత్తుతాడు. మిగతావాళ్ళు అందుకుంటారు. ఆ మనిషిని నేను. మా నాన్న తర్వాత నేనే.

దాంట్లో ఒక కిటుకుంది. మాటలు వేరు, రాగం వేరు. కొలత సరిపోయిందా, ఏ కీర్తననైనా ఏ రాగంలోనైనా కూర్చుని పాడేస్తాం. అదే చేశాను శనివారం. వాళ్ళు ఆ దిక్కుమాలిన పాట మొదలుపెట్టారు. నేను అదే రాగానికి దావీదు మాటలు కట్టి పాడాను. చుట్టూ బురద పారుతుంటే గుక్కెడు మంచినీళ్ళు పోసినట్టు. ప్రభువు విన్నాడు. అది చాలు నాకు.

కూర్చుంటే పోయేది కదా అంటారా? అందరూ నిలబడ్డచోట కూర్చుని ఏం చూడమంటారు? ముందువాడి వెనక జేబా?

పెదాలు కదిలాయి, నిజమే. దూరం నుంచి చూసినవాడికి కీర్తనకీ తిట్టుకీ తేడా ఏం తెలుస్తుంది? అందుకే అడుగుతున్నా. చూసిందెవరు?

పేరు చెప్పకూడదా! మనిషిని బోనులో నిలబెట్టి, వేలు చూపించినవాణ్ణి తెర వెనక దాస్తారన్నమాట. బాగుంది.

మీరు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. నా వెనక సీటు డగీ టెనెంట్. ప్రతి ఆటకీ మాంసం చారు గ్లాసు తెచ్చుకుంటాడు. గోల్ పడితే సగం నా కోటు కాలరులోకే. ఒకరోజు అన్నాను, "ఒరే డగీ, చారు తాగుతావా, నాకు స్నానం చేయిస్తావా?" అని. వాడేమన్నాడో తెలుసా? "బాబాయ్, ఆదివారం చర్చిలో నువ్వు పాడి మమ్మల్ని కన్నీళ్ళతో కడుగుతావుగా, శనివారం నా వంతు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. అప్పట్నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. వాడే.

లేదంటే ఆ మెట్ల దగ్గర కాపలా కుర్రాడు. టోపీ కింద నుంచి నన్నే చూస్తుంటాడు. మెడలో గొలుసు చొక్కా లోపలికి పోయింది. దాని చివర కాథలిక్కుల సిలువ ఉందని మనకి తెలియదనుకుంటాడు!

ఇంకొకడున్నాడు. చెప్పాలా వద్దా? చెబుతాను. మా అల్లుడు ఫింటన్. పేరు చూస్తేనే తెలియడం లేదూ? పచ్చ చొక్కా. వాడి ఇంట్లో గోడమీద మేరీమాత, వంటగదిలో పోపు బొమ్మ ఉన్న పళ్ళెం అట. అందులో తింటారో లేదో నాకు తెలియదు. నేను గడప దాటి లోపలికి వెళ్ళలేదు.

మంచివాడే అంటారు అందరూ. ఆట అయ్యాక మా మోర్వెన్‌ని తీసుకెళ్ళడానికి కారు వేసుకుని వస్తాడు. కిటికీ దించి, "మామయ్యగారూ, గెలిచారా, ఏడిచారా?" అంటాడు. వానపడితే నన్నూ ఎక్కమంటాడు. ఎక్కను. అంత మంచితనం ఊరికే వస్తుందా? వాడు ఏదో కనిపెడుతున్నాడని నా అనుమానం.

మోర్వెన్ మా అమ్మాయి. ఒక్కతే. వాళ్ళమ్మ పోయాక ఆవిడ సీట్లో అదే కూర్చుంటుంది. కాథలిక్కుల చర్చిలో పెళ్ళి చేసుకున్నప్పట్నుంచీ ఆదివారాలు మా ఇంటికి రావడం మానేసింది. రావద్దని నేననలేదు. రమ్మనీ అనలేదు. కానీ శనివారం ఆట ఉంటే వస్తుంది. పచ్చవాళ్ళ కోడలైనా నీలం మఫ్లరు మెడకి చుట్టుకునే వస్తుంది! మటన్ కూరిన రొట్టె ఒకటి కొని సగం నాకు విరిచిపెడుతుంది. రిఫరీని అది తిట్టే తిట్లు మీరు వినాలి, నాకే చెమటలు పడతాయి.

ఆ రెండు గంటలేనమ్మా నాకు మిగిలింది. అందుకే ఇంత వాదిస్తున్నాను. ఈ సీజను టికెట్టు కార్డు తీసేసుకుంటే సీటు పోతుంది, పోనివ్వండి, కుర్చీలు మా ఇంట్లోనూ ఉన్నాయి. పక్క సీటు మనిషి పోతుంది. ఆ మనిషిని ఇంకెక్కడ కలుసుకోవాలి నేను?

దాన్నే అడగండి, సాక్ష్యం చెబుతుంది. ఆట అయ్యాక మెట్లు దిగుతూ తనే అంది: "నాన్నా, ఇవాళ నీ గొంతు అందరికంటే బాగా వినిపించింది." ఎన్నాళ్ళకి మెచ్చుకుందో!

ఏమిటి, వీడియో ఉందా? ఈ మాట ముందు చెప్పాలా వద్దా? చూపించండి. నాకేం భయం? కళ్ళజోడు పెట్టుకోనివ్వండి.

ఆఁ. నేనే. ఆ టోపీ నాదే. ఇదిగో, పెదాలు చూడండి, ప్రశాంతంగా లేవూ? భక్తిగా లేవూ? డగీ చేతులు చూడండి, వెనకాల చారు గ్లాసు పైకెత్తి ఊగుతున్నాడు. ఆగండి, వాడు రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడే. మరి ఫోన్ ఎవరు పట్టుకున్నట్టు?

కాపలా కుర్రాడేమో. వాడు మెట్ల మీద నిలబడతాడు. మెట్లు నా కుడివైపు.

కొంచెం ఆపండి. ఆ బొమ్మ అలాగే ఉంచండి.

చెవిలో మిషన్ కనబడుతోంది.

ఈ మిషన్ నాకు ఎడమ చెవికే ఉంది తల్లీ.

అద్దంలోలాగా తిరగేసి చూపిస్తాయేమో ఈ ఫోన్లు? అలా చూపించవా? నా టోపీ మీద అక్షరాలు సరిగానే చదవొస్తున్నాయా? వస్తున్నాయి. నాకూ వస్తున్నాయి.

ఎడమవైపు మోర్వెనే. దాని అవతల స్తంభం. ఇంకెవరూ ఉండరు.

ఫింటన్ చెప్పి చేయించి ఉంటాడా? అలా అనుకుంటే బాగుండును. కానీ ఈ పిల్ల, చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పినా పాలు తాగలేదు. ఎవరో చెబితే చేసేది కాదు.

మీరు నావైపు చూడకండి. ఆ కిటికీ వైపు చూడండి కాసేపు.

శబ్దం కూడా పెట్టాలా? వద్దమ్మా. పెట్టక్కర్లేదు. నేనే చెబుతాను. మీరు విన్నారుగా ముందే, అందుకేగా టీ ఇచ్చారు.

మొదటి ముక్క దావీదుదే. ఒట్టు. చర్చిమనిషిని, ఒట్టు పెట్టకూడదు, అయినా ఒట్టు. కానీ వాళ్ళు పాట ఎత్తడమే తప్పుగా ఎత్తారు. మరీ కింది శ్రుతిలో. రెండో ముక్కకొచ్చేసరికి గొంతులు గొణుగుడైపోయి, పాట చచ్చిపోతోంది. చచ్చిపోతే మంచిదే కదా? అలాంటి పాట చావాలనే కదా నేను ప్రార్థించేది? చావనివ్వలేకపోయాను. రాగం అలా కుంటుతుంటే ఎలా వినను? చెయ్యి దానంతటదే పైకి లేచింది. శ్రుతి పెంచి ఎత్తాను. ఎత్తితే నోట్లోకి వచ్చినవి దావీదు మాటలు కావు. వాళ్ళవే. వాళ్ళవి అంటున్నానా! నావే, చిన్నప్పట్నుంచీ లోపల ఉన్నవే.

మా వైపు గ్యాలరీ మొత్తం అందుకుంది తల్లీ. మొత్తం! మా చర్చిలో ఆదివారం పట్టుమని పదిమంది ఉండరు, అందులో సగం మంది దగ్గుతారు. ఇక్కడ ఒక్క చెయ్యి లేపితే కొండ కదిలినట్టు కదిలింది. ఆ మాటలు ఎవరి గురించో, ఎవరి భార్య నా పక్కన కూర్చుని వింటోందో, ఆ క్షణం నాకు గుర్తులేదు.

బాగుందమ్మా. అదీ అసలు సంగతి. ప్రభువు సన్నిధిలో ఎన్నడూ అంత బాగుండలేదు.

ఇదిగో కార్డు. తీసుకోండి, మళ్ళీ మనసు మారుతుంది నాకు. వచ్చే ఆదివారం పాట ఎత్తడానికి ఇంకొకర్ని చూసుకోమని పాస్టరుగారికి నేనే చెప్పుకుంటాను. అది మీ పని కాదు.

ఒక్క సాయం చెయ్యండి. నేను చెవి చూశానని మోర్వెన్‌కి చెప్పకండి. వీడియో చూపించలేదనే చెప్పండి. నేను మాత్రం డగీయే చేశాడు, ఆ గొలుసు కుర్రాడే చేశాడు అని తిట్టుకుంటూ తిరుగుతాను. అది నమ్ముతుంది.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిందేగా. ఎవరూ తేడా పట్టలేరు.

టీ చల్లారిపోయింది. పర్లేదు, తాగేస్తాను.